పొడుగోడు రింగు కిందే ఎందుకు నిలబడాలి?

ఇంట్లో పిల్లాడు తొమ్మిదో తరగతికే ఆరడుగులకు దగ్గరపడితే మన దగ్గర వాడికి ముందు ఒక పేరు పడిపోతుంది: లంబూ. తర్వాత బడిలో పీఈటీ సార్ కంట్లో పడతాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు అయితే చాలాసార్లు వాలీబాల్ నెట్ దగ్గరికే తీసుకెళ్తారు. బాస్కెట్‌బాల్ పోల్ ఉన్న బడి అయితే రింగు కింద నిలబెడతారు. "నువ్వు ఇక్కడే ఉండు. బంతి వస్తే పట్టుకుని పైకెయ్. డ్రిబుల్ చేయకు, పోగొడతావ్." శిక్షణ అక్కడితో సరి. రెండేళ్లు గడిచినా వాడికి చేతులెత్తి నిలబడటం, రీబౌండ్ పట్టడం, పక్కవాడికి బంతి ఇచ్చేయడం తప్ప ఇంకేమీ రాదు.

పొడుగు ఆటగాడి పని ఇప్పుడు ఇది కాదు. బాస్కెట్‌బాల్‌లో ఈ మార్పు వచ్చి పదేళ్లు దాటింది. ఇవాళ చాలా మంచి జట్లు తమ సెంటర్‌ను, అంటే జట్టులో అందరికంటే పొడుగైనవాణ్ణి, రింగు నుంచి బయటికి తెచ్చి ఫ్రీ త్రో గీత దగ్గర నిలబెడుతున్నాయి. బంతి అతని చేతిలో పెట్టి మిగతా నలుగురినీ అతని చుట్టూ పరిగెత్తిస్తున్నాయి. ఎందుకు ఇలా మారిందో, ఆట లోపల అది ఎలా నడుస్తుందో తెలిస్తే మన పిల్లలకు పని ఉంది. రైల్వేస్, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటివి మన దేశంలో బాస్కెట్‌బాల్ జట్లు నడుపుతాయి. ఆటతో ఉద్యోగం దొరికే దారుల్లో ఇదొకటి. ఎత్తు చూసి ట్రయల్స్‌కి పిలుపు రావచ్చు. అక్కడ బంతి చేతికిచ్చి ఐదుగురితో ఆడమన్నప్పుడు, రింగు కింద నిలబడటం తప్ప ఏమీ రానివాడి సంగతి మొదటి ఐదు నిమిషాల్లోనే బయటపడిపోతుంది.

సత్నామ్ సింగ్‌కు ఏం జరిగింది

పంజాబ్‌లోని బల్లో కే అనే చిన్న ఊరి కుర్రాడు సత్నామ్ సింగ్. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. లూధియానా అకాడమీలో ఆట నేర్చుకుని 2010లో అమెరికాలోని ఫ్లోరిడాకు శిక్షణకు వెళ్లాడు. 2015 జూన్ 25న డాలస్ మావెరిక్స్ జట్టు అతణ్ణి 52వ నంబరులో ఎంపిక చేసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి ఆటగాడు అతనే. దేశమంతా సంబరపడింది. కానీ ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటి కూడా అతను ఆడలేదు. కింది స్థాయి లీగ్‌లో కొన్నాళ్లు ఆడి, చివరికి ప్రొఫెషనల్ రెజ్లింగ్‌ వైపు వెళ్లాడు.

ఆ ఎంపికకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, జూన్ 16న, గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. ఫైనల్ సిరీస్‌లో 1-2తో వెనకబడ్డాక ఆ జట్టు ఒక పని చేసింది. ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను మొదటి ఐదుగురిలోంచి తీసి ఆండ్రే ఇగ్వోడాలాను దింపింది. సెంటర్ పని డ్రేమండ్ గ్రీన్ చేశాడు. అతని ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు, ఆ లీగ్ లెక్కల్లో పొట్టివాడి కిందే జమ. అయినా వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచి కప్పు పట్టుకెళ్లారు. అప్పటికే నడుస్తున్న మార్పు ఆ ఒక్క సిరీస్‌తో అందరికీ కనపడింది. సత్నామ్ ఒక పోస్టుకు ఏళ్ల తరబడి ప్రిపేర్ అయ్యాడు, తీరా పరీక్ష రాసే నెలలో ఆ పోస్టే రద్దయిపోయింది అనుకోండి. అతని కష్టంలో లోపం లేదని నా అభిప్రాయం. అతనికి నేర్పిన పని పాతది, అంతే.

షాట్ల లెక్క

ఈ మార్పు వెనక ఉన్నది పెద్ద సిద్ధాంతమేమీ కాదు, కిరాణా కొట్టు లెక్క. రింగుకు ఆనుకుని వేసే షాట్లు నూటికి అరవై పడ్డాయనుకుందాం, 120 పాయింట్లు. రింగుకు కాస్త దూరంగా, మూడు పాయింట్ల గీతకు లోపల నుంచి వేసేవి మంచి ఆటగాళ్లకైనా నూటికి నలభై చుట్టూ పడతాయి, 80 పాయింట్లు. ఇక గీత బయట నుంచి వేసేవి. ఎన్‌బీఏలో సగటున నూటికి 35, 36 పడతాయి. ఒక్కోదానికి మూడు చొప్పున 105 పైనే. అంటే రెండు చోట్ల నుంచి వేస్తే లాభం, మధ్యలో నుంచి వేస్తే నష్టం. ఈ లెక్క తలకెక్కాక కోచ్‌లు తమ ఆటగాళ్లను గీత బయటికి పంపడం మొదలుపెట్టారు.

అలా చేస్తే ఇంకో లాభం కూడా వచ్చింది. షూటర్ బయట నిలబడితే అతణ్ణి కాపలా కాసేవాడూ బయటికి రావాల్సిందే. నలుగురు బయట ఉంటే లోపల ఖాళీ. ఆ ఖాళీలోకి డ్రిబుల్ చేస్తూ దూసుకెళ్లడం తేలిక. దీన్నే స్పేసింగ్ అంటారు. పాత పద్ధతి సెంటర్ ఇక్కడే అడ్డమయ్యాడు. అతను రింగు కింద నిలబడితే అతని కాపలాదారు కూడా అక్కడే ఉంటాడు. మన గార్డు కష్టపడి ఒకణ్ణి దాటి లోపలికి వస్తే ఎదురుగా రెండు గోడలు. అందులో ఒకటి మనవాడే.

మన బడి పోటీలకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఎన్‌బీఏలో డిఫెండర్ ఎవరినీ కాయకుండా రింగు ముందున్న పెట్టెలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. మనం ఆడే ఫీబా నిబంధనల్లో ఆ అడ్డు డిఫెన్స్‌కు లేదు. అటాక్ చేసేవాడికే మూడు సెకన్ల నియమం. కాబట్టి ఎదుటి జట్టు పొడుగోడు మ్యాచ్ మొత్తం రింగు ముందే పాతుకుపోవచ్చు. వాణ్ణి అక్కడి నుంచి కదిలించాలంటే మన పొడుగోడే బయటికి రావాలి. వచ్చి ఊరికే నిలబడితే ఎవరూ వెంట రారు. అక్కడ నుంచి ఏదో ఒకటి చేయగలడన్న భయం ఉండాలి.

సెట్టర్ పని

ఇక్కడి వాళ్లకు దీన్ని వాలీబాల్‌తో చెబితే తొందరగా అర్థమవుతుంది. మన ఊళ్లలో సాయంత్రం నెట్ కట్టని కూడలి తక్కువ. ఆ ఆటలో స్పైకర్ కొట్టే బంతి అందరికీ కనిపిస్తుంది. కానీ ఏ బంతి ఎవరికి, ఎంత ఎత్తులో ఇవ్వాలో నిర్ణయించేది సెట్టర్. పాత బాస్కెట్‌బాల్‌లో సెంటర్ స్పైకర్ మాత్రమే. ఇప్పటి సెంటర్‌కు సెట్టర్ పని కూడా అప్పజెప్పారు.

ఫ్రీ త్రో గీతకు రెండు చివరలుంటాయి. ఆ మూలను ఆటగాళ్లు ఎల్బో అంటారు. సెంటర్ అక్కడ రింగుకు వీపు పెట్టి బంతి అందుకుంటాడు. బంతి ఇచ్చిన గార్డు అక్కడే ఆగడు, అతని వైపే పరిగెత్తి చేతిలోంచి బంతి తీసుకోబోతాడు. దీనికి హ్యాండాఫ్ అని పేరు. ఇప్పుడు ఎదుటివాళ్లు ఏం చేస్తారో చూడండి. గార్డు వెంట వచ్చే డిఫెండర్ సెంటర్ ఒంటికి తగిలి ఒక అడుగు వెనకబడితే, గార్డుకు బంతితో పాటు ఖాళీ దొరుకుతుంది. షాట్ వేసేస్తాడు. ఆ షాట్ ఆపడానికి సెంటర్‌ను కాసేవాడు ముందుకొస్తే, సెంటర్ బంతి ఇచ్చేసి గిర్రున తిరిగి రింగు వైపు పోతాడు, గార్డు బంతిని మళ్లీ పైనుంచి అతనికే అందిస్తాడు. ఇదంతా ముందే పసిగట్టి గార్డు డిఫెండర్ అడ్డదారిన ముందుకెళ్లి నిలబడ్డాడా? గార్డు బంతి తీసుకోకుండా సగంలో వెనక్కి తిరిగి రింగు వైపు కోసుకుపోతాడు. సెంటర్ వాడి అడుగులోకి నేల మీద ఒక బౌన్స్ పాస్ వేస్తాడు, లేఅప్. ఆ లేఅప్ ఆపడానికి మూలలో ఉన్న డిఫెండర్ లోపలికి పరిగెత్తితే మూలలో మన షూటర్ ఒంటరిగా ఉంటాడు. బంతి అక్కడికి వెళ్తుంది.

ఇదంతా రెండు మూడు సెకన్లలో జరగాలి. సెంటర్ ముందుగా ఏదీ అనుకోడు. ఎదుటివాడి అడుగు ఎటు పడిందో చూసి, దానికి వ్యతిరేకంగా బంతి ఇస్తాడు. పొడుగు ఇక్కడ కొత్తగా పనికొస్తుంది. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి బంతిని తల మీద పట్టుకుంటే ఎవరూ లాక్కోలేరు, ఎదుటివాళ్ల తలల మీదుగా కోర్టు మొత్తం కనిపిస్తుంది. పొట్టి గార్డు చూడలేని పాస్‌ను అతను చూడగలడు. జూరాల నీళ్లు కుడి కాలువకు ఎంత, ఎడమ కాలువకు ఎంత అని గేట్ల దగ్గర తేలినట్టు, బంతి ఎటు పోవాలో ఎల్బో దగ్గర తేలుతుంది.

హ్యాండాఫ్ కంటే పాతది స్క్రీన్. బంతి ఉన్న గార్డును కాసేవాడి దారిలో సెంటర్ వచ్చి స్తంభంలా నిలబడతాడు. కాళ్లు కదిలితే ఫౌల్. గార్డు పక్కనుంచి దాటిపోతాడు. గార్డు మంచి షూటర్ అయితే ఇద్దరు డిఫెండర్లూ వాడి మీదికే దూకుతారు. అప్పుడు గార్డు బంతిని ఫ్రీ త్రో గీత దగ్గర ఉన్న సెంటర్‌కు వదిలేస్తాడు. ఇప్పుడు లెక్క చూడండి: ఎదుటివాళ్లలో ఇద్దరు బంతి వెనకే చిక్కుకుపోయారు. ముందున్నది మనవాళ్లు నలుగురు, వాళ్లు ముగ్గురు. సెంటర్‌కు బంతి పట్టుకుని ఒక డ్రిబుల్ వేసి, ముగ్గురిలో ఎవరు తన వైపు వస్తున్నారో చూసి, వదిలేసిన మనిషికి బంతి ఇవ్వడం వస్తే ఖాయంగా మంచి షాట్ దొరుకుతుంది. 2015లో వారియర్స్ తరఫున గ్రీన్ చేసిన పని సరిగ్గా ఇదే. "డ్రిబుల్ చేయకు, పోగొడతావ్" అని పెంచిన పిల్లాడికి ఆ ఒక్క డ్రిబుల్ రాదు. నలుగురికి ముగ్గురు ఉన్న చోట వాడు కంగారుపడి బంతి వెనక్కి ఇచ్చేస్తాడు, ఆ లాభం కాస్తా పోతుంది.

ఈ పని అందరికంటే బాగా చేసేవాడు సెర్బియా మనిషి నికోలా యోకిచ్. 2014 డ్రాఫ్ట్‌లో డెన్వర్ నగ్గెట్స్ అతణ్ణి 41వ నంబరులో తీసుకుంది. ఆ పేరు ప్రకటించే సమయానికి అమెరికా టీవీలో ఏదో తినుబండారాల కంపెనీ ప్రకటన నడుస్తోంది, అంత పట్టించుకోలేదన్నమాట. వేగంగా పరిగెత్తడు, పెద్దగా ఎగరడు. 2021, 2022, 2024లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు అతనిదే, 2023లో టైటిల్ కూడా. 2024-25 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు. సీజన్ మొత్తం మీద ఈ మూడింటిలోనూ రెండంకెల సగటు సాధించిన సెంటర్ ఎన్‌బీఏ చరిత్రలో అంతకు ముందు ఎవరూ లేరు. అసిస్టు అంటే పక్కవాడు బుట్టలో వేయడానికి ఇచ్చిన పాస్. ఒక సెంటర్ మ్యాచ్‌కు పది అసిస్టులు ఇవ్వడం ముప్పై ఏళ్ల కింద ఎవరైనా చెబితే నవ్వేవాళ్లు.

హ్యూస్టన్‌లో ఇద్దరు

మన హైదరాబాద్, పాలమూరు వైపు నుంచి అమెరికా వెళ్లినవాళ్లకు హ్యూస్టన్ కొత్త పేరు కాదు. ఆ ఊరి జట్టు రాకెట్స్‌లో టర్కీ కుర్రాడు అల్పెరెన్ షెన్‌గున్ సెంటర్. 2002లో నల్ల సముద్రం ఒడ్డున గిరెసున్‌లో పుట్టాడు. 18 ఏళ్లకే టర్కీ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 2021 డ్రాఫ్ట్‌తో హ్యూస్టన్ చేరాడు. 2024-25లో సగటున 19.1 పాయింట్లు, 10.3 రీబౌండ్లు, దాదాపు ఐదు అసిస్టులు. ఆ ఏడాది ఆల్‌స్టార్‌గా కూడా ఎంపికయ్యాడు. 2025 యూరోబాస్కెట్‌లో టర్కీని ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. క్వార్టర్ ఫైనల్‌లో పోలండ్ మీద 19 పాయింట్లు, 12 రీబౌండ్లు, 10 అసిస్టులు. ఫైనల్‌లో జర్మనీ చేతిలో 88-83తో ఓడిపోయారు.

షెన్‌గున్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. అతనికి దూరం షాట్ సరిగా రాదు. 2024-25లో వేసిన మూడు పాయింట్ల షాట్లలో నాలుగో వంతు కూడా పడలేదు. సెంటర్ బయట నుంచి షాట్ వేస్తేనే ఈ కాలంలో పనికొస్తాడు అని చెప్పేవాళ్లకు అతనే జవాబు. డిఫెండర్ అతణ్ణి గీత బయట వదిలేసి లోపల నిలబడొచ్చు. కానీ అతని చేతికి ఎల్బో దగ్గర బంతి వచ్చిందంటే వదలడానికి లేదు, పాస్ ఇస్తాడు. దగ్గరికొస్తే వీపుతో తోసుకుంటూ, ఒక భుజం చూపించి రెండో భుజం వైపు తిరిగి షాట్ వేస్తాడు. ఆ తిరగడం చూస్తే హ్యూస్టన్‌లో పాతవాళ్లకు ఇంకో మనిషి గుర్తొస్తాడు.

హకీమ్ ఒలాజువాన్. నైజీరియాలోని లాగోస్‌లో 1963లో పుట్టాడు. చిన్నప్పుడు హ్యాండ్‌బాల్ ఆడేవాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. బాస్కెట్‌బాల్ ముట్టుకున్నది టీనేజ్‌లోకి వచ్చాకే. ఆ ఫుట్‌బాల్ కాళ్లే తర్వాత అతని ఆస్తి అయ్యాయి. అతని తిరుగుడుకు డ్రీమ్ షేక్ అని పేరు పెట్టారు. 1994, 1995లో రాకెట్స్‌కు వరసగా రెండు టైటిళ్లు తెచ్చాడు. ఎన్‌బీఏలో అత్యధిక బ్లాకులు, 3,830, ఇప్పటికీ అతని పేరు మీదే ఉన్నాయి. రంజాన్‌లో రోజా ఉండే మ్యాచ్‌లు ఆడేవాడు. 1995లో ఫిబ్రవరి నెల మొత్తం దాదాపు రంజాన్‌లోనే గడిచింది, ఆ నెల లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే వచ్చింది. హ్యూస్టన్ నడిబొడ్డున ఒక పాత బ్యాంకు భవనాన్ని కొని ఇస్లామిక్ దావా సెంటర్‌గా మార్చింది కూడా ఆయనే, అటు వెళ్లిన మనవాళ్లు అక్కడ నమాజ్ చేసి వస్తుంటారు.

ఆటకు సంబంధించి హకీమ్ దగ్గర గమనించాల్సింది ఇంకోటి. ఆ రాకెట్స్ జట్టులో అతని చుట్టూ కెన్నీ స్మిత్, రాబర్ట్ హోరీ, మారియో ఎలీ లాంటి షూటర్లను నిలబెట్టారు. హకీమ్ మీదికి ఇద్దరు వస్తే బంతి బయటికి, ఒక్కడే ఉంటే వాడి పని హకీమ్ చూసుకుంటాడు. ఒక నైపుణ్యమున్న సెంటర్, చుట్టూ నలుగురు షూటర్లు అనే ఇవాళ్టి నమూనా అప్పుడే ఉంది. మధ్యలో ఇరవై ఏళ్లు చాలామంది దాన్ని మరిచిపోయారు.

కరీమ్ అబ్దుల్ జబ్బార్ సంగతి కూడా ఒక మాట. అతను లూ అల్సిండర్ పేరుతో కాలేజీలో ఆడుతున్నప్పుడు, 1967లో, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ డంక్‌నే నిషేధించింది. 1976 దాకా ఆ నిషేధం ఉంది. పైనుంచి దూర్చేయడం కుదరనప్పుడు అతను ఒంటిచేత్తో వేసే హుక్ షాట్‌కు పదును పెట్టాడు. అదే స్కైహుక్. 38,387 పాయింట్ల అతని రికార్డు 2023 ఫిబ్రవరి దాకా నిలిచింది. ఏడడుగులు దాటిన మనిషి కూడా ఎత్తు మీద కాకుండా చేతి పని మీద బతికాడు.

ఎక్కడ తేడా వస్తుంది

ఈ పద్ధతికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాస్ బాగా ఇచ్చే సెంటర్ కాళ్లు నెమ్మదిగా ఉంటే, రెండో వైపు డిఫెన్స్‌లో ఎదుటి జట్టు పదే పదే అతణ్ణే స్క్రీన్‌లోకి లాగి, వేగమైన గార్డుతో ఆడిస్తుంది. షెన్‌గున్‌కు మొదటి సీజన్లలో వచ్చిన విమర్శ అదే. డిఫెన్స్‌లో అడుగు పక్కకు వేయడం నేర్వని పొడుగోడు ఎంత బాగా పాస్ ఇచ్చినా చివరి నిమిషాల్లో బెంచి మీదే ఉంటాడు.

ఇంకోటి, ప్రతి జట్టుకూ ఇలాంటి సెంటరే కావాలని లేదు. షెన్‌గున్ పక్కనే రాకెట్స్ స్టీవెన్ అడమ్స్‌ను కూడా దింపుతుంది. అడమ్స్ పాత పద్ధతి మనిషి. గట్టి స్క్రీన్ పెడతాడు, రీబౌండ్ లాక్కుంటాడు. 2024-25లో తమ సొంత మిస్సయిన షాట్లను తిరిగి పట్టుకోవడంలో ఆ జట్టే లీగ్‌లో ముందుంది, 52 మ్యాచ్‌లు గెలిచింది. అంటే బరువు పని ఇంకా బతికే ఉంది. మన పిల్లాడు పన్నెండేళ్లకే అడమ్స్ అవుతాడా షెన్‌గున్ అవుతాడా అన్నది ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఆ వయసులో ఒకటే పనిలో బిగించేయడం నాకు తప్పనిపిస్తుంది. అసలు తొమ్మిదిలో అందరికంటే పొడుగ్గా ఉన్నవాడు ఇంటర్‌కి వచ్చేసరికి మామూలు ఎత్తులోనే ఆగిపోవచ్చు. అప్పుడు వాడికి సెంటర్ పనీ దక్కదు, గార్డు పనీ రాదు.

ఆడపిల్లల విషయంలో ఈ నష్టం రెండింతలు. అమ్మాయి పొడుగ్గా పెరుగుతుంటే మన ఇళ్లలో ఖాలాలు, ఫుప్పూలు ముందు అనేది "ఇంత ఎత్తయితే రిష్తా ఎలా" అనే. మైనారిటీ గురుకులంలో చదివే అమ్మాయి గ్రౌండులోకి దిగడమే ఒక మెట్టు. హిజాబ్‌తో ఆడనివ్వరేమో అన్న అనుమానం ఇంకా కొందరిలో ఉంది. ఒకప్పుడు నిజమే. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో హిజాబ్ తీయమన్నందుకు ఖతర్ మహిళల జట్టు ఆడకుండా తప్పుకుంది. 2017 అక్టోబర్ నుంచి ఫీబా నిబంధన మారింది. ముఖం కప్పకుండా, పిన్నులూ ముడులూ బయటికి రాకుండా, నలుపు, తెలుపు లేదా జెర్సీ రంగులో ఉన్న తలకట్టుతో ఆడొచ్చు. చేతులకు, కాళ్లకు ఒంటికి అతుక్కునే పొడుగు స్లీవ్స్ కూడా వేసుకోవచ్చు, జట్టంతా ఒకే రంగు అయితే చాలు. పోటీకి వెళ్లేటప్పుడు ఈ నిబంధన కాగితం ఒకటి చేతిలో ఉంచుకోవడం మేలు, తెలియని రెఫరీలు ఉంటారు.

ఒక్క రింగు ఉన్నా చాలు

పెద్ద కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. అంత చోటు, రెండు మంచి పోల్స్ ఉన్న బళ్లు మన వైపు ఎన్నో లేవు. ఫరవాలేదు, త్రీ ఆన్ త్రీ ఆటకు 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు, ఒక్క రింగు సరిపోతాయి. పది నిమిషాలు, లేదా ఎవరు ముందు 21 పాయింట్లు చేస్తే వాళ్లు గెలిచినట్టు. బంతి అందగానే 12 సెకన్లలో షాట్ పడాలి. టోక్యో నుంచి ఇది ఒలింపిక్ ఆట కూడా. పొడుగు పిల్లలకు ఇది ఎందుకు మంచిదంటే, ముగ్గురే ఉన్నప్పుడు ఎవరూ రింగు కింద దాక్కోలేరు. అందరూ స్క్రీన్ పెట్టాలి, అందరూ డ్రిబుల్ చేయాలి, ఎదుటివాళ్ల షాట్ రీబౌండ్ పట్టినవాడే బంతిని గీత బయటికి తీసుకెళ్లాలి. సెంటర్‌కు వారంలో రాని డ్రిబ్లింగ్ ఇక్కడ ఒక సాయంత్రంలో వస్తుంది.

బంతులు తక్కువైనా చేయగలిగే అభ్యాసాలు ఉన్నాయి. పాతకాలపు సెంటర్ జార్జ్ మైకన్ పేరు మీద ఒకటి ఉంది. రింగు కింద నిలబడి కుడి చేత్తో కుడి వైపు, పడగానే పట్టుకుని ఎడమ చేత్తో ఎడమ వైపు, బంతి నేల తాకకుండా వరసగా వేస్తూ పోవాలి. రెండు చేతులూ సమానమవుతాయి, కాళ్లకు లయ వస్తుంది. ఎడమ చేయి రాని సెంటర్‌ను ఆపడం చాలా తేలిక, కుడి భుజం మూసేస్తే సరి. మరొకటి గోడకు పాస్. బడి గోడ మీద సుద్దతో ఒక వృత్తం గీసి ఛాతీ నుంచి, తల మీద నుంచి, నేల మీద బౌన్స్ చేసి అందులోకి కొట్టాలి. మూడోదానికి నలుగురు పిల్లలు కావాలి. పొడుగు పిల్లాడు ఎల్బో దగ్గర బంతి అందుకుని రింగు వైపు తిరుగుతాడు, ఒక డిఫెండర్ ముందుంటాడు, ఇద్దరు మనవాళ్లు రెండు మూలల్లో ఉంటారు. డిఫెండర్ దగ్గరికొస్తే ఒక డ్రిబుల్ వేసి దాటాలి, వెనక్కి తగ్గితే షాట్ వేయాలి, మూల వైపు చెయ్యి చాపితే రెండో మూలకు పాస్. సార్ ముందుగా ఏమీ చెప్పకూడదు. పిల్లాడే చూసి ఎంచుకోవాలి. మొదటి నెల పాస్‌లు తప్పుతాయి, అది మామూలే.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు రింగు 3.05 మీటర్ల ఎత్తులో పెట్టి పెద్ద బంతి ఇస్తే రెండు చేతులతో భుజం మీద నుంచి విసిరేయడం అలవాటవుతుంది. ఆ అలవాటు తర్వాత పోవడం కష్టం. మినీ బాస్కెట్‌బాల్‌కు రింగు 2.60 మీటర్లు, బంతి 5వ సైజు. అడ్డంగా ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించి అదే పోల్‌కు కింద రెండో రింగు బిగిస్తే సరిపోతుంది. గద్వాలలోనో వనపర్తిలోనో వెల్డింగ్ షాపువాళ్లకు కొలత ఇస్తే ఒక పూటలో అయ్యే పని.